హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు అన్నేళ్లు తిరుగులేకుండా ఆడిందంటే అసలు ఘనత ఎవరిది?

ఆ జట్టు కోచ్ రహీం సాబ్‌ది. వేరే పేరు చెప్పేవాళ్లతో ఎంతసేపైనా వాదిస్తాను. అయితే ఆయనకే ఎందుకు అనేదానికి జనం చెప్పే కారణం మాత్రం నాకు నచ్చదు.

సయ్యద్ అబ్దుల్ రహీం మీద హిందీ సినిమా వచ్చిన దగ్గర్నుంచీ అందరి నోటా జకార్తా ఆసియా క్రీడల మాటే. దాని దగ్గరికీ వస్తాను. మీరడిగింది మాత్రం పోలీసు జట్టు గురించి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ పట్టుకొచ్చిన జట్టది. స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి, 1950లో జరిగిన డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా క్లబ్ మోహన్ బగాన్‌ని ఓడించింది. 1954లోనూ 1957లోనూ మళ్లీ డ్యూరాండ్ వీళ్లదే. పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారాక 1961లో అదే బగాన్ మీద అదే కప్పు ఇంకోసారి గెలిచారు. కలకత్తా క్లబ్బుల డబ్బు, అభిమానులు, పత్రికల హడావుడి, వీటిలో ఏ ఒక్కటీ లేని జట్టు సాధించిన లెక్క ఇది.

'బ్రెజిల్ కన్నా ముందే 4-2-4 (వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు) ఆడించాడు, అందుకే గెలిచాడు' అంటారు. అక్కడే నాకు చిర్రెత్తుతుంది. బోర్డు మీద నాలుగు చుక్కలు, రెండు చుక్కలు, నాలుగు చుక్కలు ఎవరైనా పెడతారు. ఆ చుక్కల్లో నిలబడ్డవాడికి ఒక్క కాలే పనిచేస్తే ఏం లాభం? ఎక్కాలు రాని పిల్లాడికి ఆల్జీబ్రా చెప్పినట్టే. రహీం వృత్తిరీత్యా బడిపంతులు కాబట్టి ఈ సంగతి ఆయనకు బాగా తెలుసు. మనవాళ్లకి డ్రిబ్లింగ్ పిచ్చి ఎక్కువని గమనించి, డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు పెట్టాడు. వాటం లేని కాలితోనే ఆడాలనే టోర్నమెంట్లూ పెట్టాడు. నా దృష్టిలో మొత్తం రహస్యం ఈ రెండింటిలోనే ఉంది.

రెండోది ఎంత కష్టమో తెలియాలంటే మీ కాలనీ పిల్లలతో ఒకసారి ఆడించి చూడండి. 30 గజాల పొడవు, 20 గజాల వెడల్పు గీయండి. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. గోల్‌కీపర్ వద్దు, రెండడుగుల వెడల్పు గోలు చాలు. పది నిమిషాల చొప్పున రెండు సగాలు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే ఆపాలి, ఎడమ కాలితోనే కొట్టాలి. కుడికాలు తగిలితే ఫ్రీ కిక్ అవతలివాళ్లకి.

మొదటి రోజు మూడు తప్పులు చూస్తారు. ఒకటి, బంతి రాగానే దాని చుట్టూ తిరిగి కుడికాలు మీదికి తెచ్చుకోవాలని చూస్తారు. ఆ తిరగడంలో ఒక సెకను పోతుంది, ఈలోగా అవతలివాడు మీద పడతాడు. రెండోది, నిలబడే కాలు బంతికి మరీ దూరంగా పడుతుంది. బంతి పక్కన జానెడు దూరంలో, బొటనవేలు పాస్ వెళ్లాల్సిన వైపు చూస్తూ పడాలి. దూరంగా పడితే నడుము వెనక్కి వాలుతుంది, బంతి గాల్లోకి లేస్తుంది. పిల్లాడు 'నా ఎడమకాలికి బలం లేదు' అనుకుంటాడు గానీ తప్పు చేసింది కుడికాలు. మూడోది, చీలమండ వదులుగా ఉండడం. అది బిగిస్తే తప్ప బంతి నేరుగా పోదు. గోడకి ఐదు గజాల దూరంలో నిలబెట్టి, పాదం లోపలి వైపుతో రోజుకి యాభై పాస్‌లు కొట్టించండి. దూరం కొట్టించాలని తొందరపడితే పాత అలవాటు వెంటనే తిరిగొస్తుంది.

డ్రిబ్లింగ్ లేని ఆటకి నియమం ఇంకా సులువు: రెండు టచ్‌లకి మించకూడదు. మొదట్లో అందరూ బంతి దగ్గరే గుంపు కడతారు. బంతి కాలికి తగిలాక అప్పుడు తలెత్తి 'ఎవరికివ్వాలి' అని వెతుక్కోవడమే దానికి కారణం. బంతి దారిలో ఉండగానే భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసే అలవాటు చేయించాలి. బంతి లేనివాళ్లు ఏటవాలుగా పక్కకి జరిగి, పాస్‌కి రెండు దారులు తెరవాలి. ఇది కుదిరాక రెండు కాళ్లూ పనిచేసే పదకొండు మందిని ఊహించుకోండి. అటు తిరిగే పని లేదు, ఇటు తిరిగే పని లేదు. అప్పట్లో రోవర్స్, డ్యూరాండ్ రెండూ నాకౌట్ టోర్నమెంట్లు. డ్రా అయితే మళ్లీ ఆడాల్సి వచ్చేది. అలాంటిచోట పాస్‌లతో ఆడే జట్టుకి పరుగు మిగులుతుంది, చివరి రౌండ్లకి కాళ్లలో సత్తువ ఉంటుంది. ఇప్పటి అకాడమీలు రంగురంగుల కోన్‌లు పరిచి, జెర్సీకి వేరే ఫీజు కట్టించుకుని, ఆరేళ్ల పిల్లాడికి బంతి మీదుగా కాలు తిప్పి ఏమార్చే స్టెప్-ఓవర్ నేర్పుతున్నాయి. ఎడమకాలి సంగతి అడిగితే నవ్వుతారు.

ఘనతలో రెండో వాటా పోలీసు శాఖది. అప్పట్లో పేదింటి కుర్రాడికి పోలీసు ఉద్యోగం అంటే నెల జీతం, ముసలితనంలో పింఛను. ఆ భరోసా ఉంటేనే ఒకే జట్టు కలిసి ఏళ్ల తరబడి ఆడుతుంది. అలాగని మొదటి వాటా శాఖకే ఇవ్వలేం. ఉద్యోగాలిచ్చే జట్లు రైల్వేల్లో ఉన్నాయి, సైన్యంలో ఉన్నాయి, మిగతా రాష్ట్రాల పోలీసుల్లోనూ ఉన్నాయి. వరసగా ఐదు రోవర్స్ కప్పులు మాత్రం వాటిలో ఎవరికీ రాలేదు. పోలీసు జట్టే కాదు, హైదరాబాద్ రాష్ట్ర జట్టు కూడా 1956లో, 1957లో వరసగా రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఊరంతా ఒకే పద్ధతిలో ఆడుతుండబట్టే అది కుదిరింది.

ఘనత ఇచ్చేవాళ్లు హెల్సింకీ కూడా ఆయన ఖాతాలోనే వేయాలంటారు. వేయండి. అక్కడ 1952 ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. చలిలో మనవాళ్లు చాలామంది వట్టికాళ్లతో ఆడారు. అప్పట్లో ఇక్కడి మ్యాచ్‌లు డెబ్బై నిమిషాలు, అక్కడ తొంభై. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లకి మెల్‌బోర్న్‌లో మన జట్టు సెమీఫైనల్ ఆడింది. అందులో హైదరాబాద్ వాళ్లు నూర్ మహమ్మద్, అజీజ్, అహ్మద్ హుస్సేన్, సలాం, జుల్ఫికర్, బలరాం.

ఇక జకార్తా. పోలీసు జట్టు కథ కాకపోయినా ఆడించిన బుర్ర అదే. 1962లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. మామూలు కోచ్ అయితే బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. రహీం సెమీఫైనల్‌కి అతణ్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్, మళ్లీ దక్షిణ కొరియానే. స్టేడియం మొత్తం మనవాళ్లని గేలి చేస్తోంది. ఒక గోల్ పీకే బెనర్జీ, ఒకటి జర్నైల్. 2-1తో మనదే గెలుపు. అప్పటికే కోచ్‌కి క్యాన్సర్. 1963 జూన్ 11న పోయారు.

ఆయన వేసిన పాదు తర్వాత కూడా కొన్నాళ్లు కాసింది. నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, అందరూ ఈ ఊరివాళ్లే. కానీ వాళ్ల పేరు వినగానే జనానికి గుర్తొచ్చేది కలకత్తా క్లబ్బులే. పోలీసు జీతం కలకత్తా డబ్బు ముందు నిలబడలేకపోయింది.

ఆటగాళ్లలో ఒక్కరి పేరే చెప్పాలంటే నూర్ మహమ్మద్ అంటాను. మైదానం మధ్యలో ఆడే హాఫ్ బ్యాక్, 1952, 1956 రెండు ఒలింపిక్స్ ఆడినవాడు. మీలో చాలామంది తులసీదాస్ బలరాం పేరు చెబుతారని తెలుసు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన ఆయన అంతటి ఫార్వర్డ్ మనకి మళ్లీ రాలేదు, ఒప్పుకుంటాను. కానీ 1957కే కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయాడు. ఆ ఐదు రోవర్స్ కప్పుల్లో ఒక్కదానిలోనూ ఆయన లేడు.