లైబ్రరీ ఫోటోలు ఫ్లికర్‌లో ఎందుకు?

ప్రశ్న: నేను లైబ్రరీ సైన్స్ చదువుతున్నాను. విదేశాల్లో పెద్ద పెద్ద లైబ్రరీలు తమ దగ్గరున్న పాత ఫోటోలని ఫ్లికర్ లాంటి ఫోటోలు పంచుకునే సైట్లలో పెడుతున్నాయని క్లాసులో చెప్పారు. సొంత వెబ్‌సైట్లు ఉండగా మళ్ళీ ఇదెందుకు? లైకుల కోసమా?
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: లైకులూ వస్తాయి, కాదనను. కానీ లైబ్రరీ సొంత సైటులోకి వెళ్ళి వెతికేది ఏం కావాలో ముందే తెలిసినవాళ్ళు. మిగతా జనానికి అలాంటి ఫోటోలు ఉన్నాయనే తెలియదు.

2008 జనవరిలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఫ్లికర్‌తో కలిసి, లైబ్రరీలు పాత ఫోటోలు పెడితే జనం వివరాలు జోడించే 'కామన్స్' అనే ఏర్పాటు మొదలుపెట్టి సుమారు 3,100 ఫోటోలు పెట్టింది. అందులో సగం 1930, 40లలో ప్రభుత్వ ఫోటోగ్రాఫర్లు తీసిన రంగుల ఫోటోలు. మిగతా సగం న్యూయార్క్‌లోని బెయిన్ అనే వార్తా ఏజెన్సీవి, ఎక్కువగా 1910ల నాటివి. తంటా అంతా ఈ రెండో రకంతోనే. గాజు నెగెటివ్ అంచున ఏజెన్సీవాళ్ళు హడావుడిగా రాసిన రెండు మూడు మాటలే వివరం. కొన్నిటిలో ఇంటిపేరు ఒక్కటే, అదీ తప్పు స్పెల్లింగుతో. ఇంచుమించు వందేళ్ళ తర్వాత కేటలాగు రాసే ఉద్యోగి ఒక్కో మొహం కోసం ఎన్ని రోజులు వెతుకుతాడు?

సైట్లో పెట్టగానే ఆ పని జనం అందుకున్నారు. ఎవరో న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలు తవ్వి ఆ సంఘటన తాలూకు వార్త లింకు ఇస్తారు, ఇంకొకరు వెనక కనిపించే భవనాన్ని గుర్తుపట్టి ఇప్పుడు అక్కడ ఏముందో చెబుతారు, మరొకరు పేరు సరిదిద్దుతారు. అదే ఏడాది అక్టోబరు నాటికి ఆ ఫోటోలని కోటీ నాలుగు లక్షల సార్లు చూశారు, 7,166 కామెంట్లు రాశారు, 67,176 ట్యాగులు (వెతకడానికి పనికొచ్చే చిన్న మాటలు) తగిలించారు. ఇవన్నీ పై అధికారులకి చూపించుకోడానికి బాగుంటాయి గానీ, నాకు నచ్చిన అంకె వేరే ఉంది: 500కి పైగా ఫోటోల కేటలాగు వివరాలు ఈ కామెంట్ల వల్ల మెరుగుపడ్డాయి. జనం చెప్పినదాన్ని సిబ్బంది సరిచూసుకుని, ఆ సమాచారం ఫ్లికర్ కామన్స్ నుంచి వచ్చిందని రికార్డులోనే రాశారు. చెత్త రాతలతో నిండిపోతుందని భయపడేవాళ్ళకి ఒక్క మాట, ఆ పది నెలల్లో అసభ్యమని తీసేయాల్సి వచ్చినవి పాతిక కూడా లేవు.

తర్వాత సిడ్నీలోని పవర్‌హౌస్ మ్యూజియం, ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం, ఇలా చాలా సంస్థలు చేరాయి. 2013 డిసెంబరులో బ్రిటిష్ లైబ్రరీ అయితే పాత పుస్తకాల స్కాన్ల నుంచి కంప్యూటరుతో కత్తిరించిన పది లక్షలకి పైగా బొమ్మలని ఒకేసారి పెట్టేసింది. ఏ పుస్తకంలో ఏ పేజీదో తెలుసు, బొమ్మలో ఏముందో మాత్రం రాసి లేదు. జనం కూర్చుని వాటిలోంచి వేల కొద్దీ మ్యాపులు ఏరారు.

అంటే పెట్టి వదిలేస్తే సగం పనే. కామెంట్లు చదివి, సరిచూసి, కేటలాగులో ఎక్కించే మనిషి ఉండాలి. మీ క్లాసులో ఆ మాట చెప్పకపోతే నేను చెబుతున్నాను.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయంలో పాత ఉత్సవాలు, సభల ఫోటోలు ఒక బీరువా నిండా ఉన్నాయి. స్కాన్ చేసి ఫ్లికర్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెడదామని కుర్రాళ్ళు అంటున్నారు. పెట్టొచ్చా సార్?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: పెట్టండి, కానీ ముందు హక్కుల సంగతి చూసుకోండి. ప్రింటు మన బీరువాలో ఉన్నంత మాత్రాన హక్కు మనదైపోదు. మన చట్టంలో 2012 సవరణ దగ్గర్నుంచి ఫోటో హక్కులు ఫోటోగ్రాఫర్ జీవితకాలమూ, పోయాక మరో 60 ఏళ్ళూ ఉంటాయి. అంతకుముందు ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్ళే. ఊరి స్టూడియో ఆయన వారసులు ఉంటే ఒక కాగితం మీద అనుమతి రాయించుకోండి, చాలామంది సంతోషంగా ఇస్తారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కే ఈ టెన్షన్ తప్పలేదు. హక్కులు తమవని చెప్పలేరు, ఎవరివీ కావని గట్టిగానూ చెప్పలేరు. అందుకే తమకు తెలిసినంతవరకు కాపీరైట్ ఆంక్షలు లేవు అనే కొత్త లేబుల్‌తో ఫోటోలు పెట్టారు.

రెండోది, అసలు స్కాన్లు మీ దగ్గర రెండు హార్డ్‌డిస్కుల్లో వేర్వేరు చోట్ల ఉంచుకోండి. ఫ్లికర్ 2004లో మొదలై మరుసటి ఏడాదే యాహూ చేతికి వెళ్ళింది, 2018లో స్మగ్‌మగ్ అనే మరో ఫోటోల కంపెనీ కొనుక్కుంది, ఆ వెంటనే ఉచిత ఖాతాలకి 1,000 ఫోటోల పరిమితి పెట్టేశారు. కామన్స్ సంస్థలని ఆ దెబ్బ నుంచి మినహాయించారు గానీ మామూలు ఖాతాకి ఆ భాగ్యం లేదు. మీరు తెరిచేది మామూలు ఖాతాయే.

ఇన్‌స్టాగ్రామ్ ఊళ్ళో కుర్రాళ్ళకి చూపించడానికి బాగుంటుంది, కానీ అందులో పెద్ద సైజు ఫైలు దొరకదు, పాత పోస్టు వెతకడం నరకం. ఫ్లికర్‌లో అయితే ఫోటోలో ఒక మొహం చుట్టూ గడి గీసి ఇది ఫలానా మాస్టారు అని రాయొచ్చు, మీకు కావాల్సింది అదే. ఎవరైనా వాడుకోవచ్చని అనుమతి పక్కాగా ఉన్నవాటిని వికీమీడియా కామన్స్‌లో (ఇది ఫ్లికర్ కామన్స్ కాదు, వికీపీడియా వాళ్ళ ఫోటోల కొట్టు) పెడితే తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీకి కూడా ఉపయోగపడతాయి.

ఇంకో సంగతి, నెట్ వాడని పెద్దవాళ్ళే ఆ మొహాలని ఎక్కువ గుర్తుపడతారు కాబట్టి ఒక ఆదివారం ప్రింట్లు బల్ల మీద పరిచి వాళ్ళని పిలవండి. ప్రతి ఫోటో వెనకా పెన్సిల్‌తో ఒక నంబరు వేసి, ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు అదే నంబరు రాయండి. అమెరికాలో ఉన్న మీ ఊరి మనిషి ఎవరైనా కామెంట్ పెడితే అది ఏ ఫోటో గురించో వెతుక్కోనక్కర్లేదు.