కళలో అనుకరణ, క్రైస్తవ జీవితంలో అనుకరణ ఒకటేనా?

మాట ఒకటే (గ్రీకులో ‘మిమేసిస్’, అంటే అనుకరణ), పని వేరు. గ్రీకు తత్వవేత్త ప్లేటో ‘రిపబ్లిక్’ పదో భాగంలో మంచం ఉదాహరణ చెప్తాడు: వడ్రంగి చేసిన మంచం, బుద్ధికి మాత్రమే అందే అసలు రూపానికి నకలు, చిత్రకారుడు గీసింది ఆ నకలుకి నకలు, కాబట్టి కళ నిజానికి దూరం అంటాడు. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ ఒప్పుకోలేదు, చిన్నపిల్లలు మొదట నేర్చుకునేదే అనుకరించి కదా అన్నాడు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో వాడిన మాట కూడా అదే గ్రీకు ధాతువు నుంచి వచ్చిందే, మన తెలుగు బైబిల్లో అది ‘పోలి నడుచుకొనుడి’ అని ఉంటుంది, నాకు ఈ అనువాదం ఎంతో ఇష్టం, ఎందుకంటే ఆ ‘నడుచుకోవడం’లోనే తేడా అంతా తెలిసిపోతుంది: కళ పోలికను చూపిస్తుంది, ఇక్కడ ఆ పోలికను బతకాలి. రెండూ కలిసిన చోటు కావాలంటే 1223 క్రిస్మస్ చూడండి: ఇటలీలోని గ్రెచ్చోలో అసిసి ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సాధువు గడ్డి పరిచిన పశువుల తొట్టె, పక్కనే ఎద్దు, గాడిద పెట్టించాడు. చూడ్డానికి నాటకంలో దృశ్యంలాగే ఉంటుంది, కానీ పెట్టించినవాడు క్రీస్తు పేదరికాన్ని అప్పటికే ఏళ్ల తరబడి తానే బతుకుతున్నాడు.