వాషర్లు మార్చినా బోరింగు నీళ్లు తగ్గుతున్నాయంటే: పైపులు లేపే ముందు చూడాల్సినవి

అన్నా, శిక్షణ తీసుకున్న మీ ఊరి కుర్రాళ్లు ఇండియా మార్క్ టూ రకం చేతి బోరింగుకు వాషర్లు (నీళ్లు పైకి లాగే పిస్టన్‌కు తొడిగే రింగులు) మార్చినా నెల తిరక్కుండానే నీళ్లు తగ్గుతున్నాయని రాశారు. చూడబోతే లోపం వాషర్లలో లేనట్టుంది. బోరులోంచి పైపులన్నీ లేపడమంటే నలుగురి పని, ఊరికి ఖర్చు. అందుకే ముందు రెండు పరీక్షలు చేయించండి.

నీళ్లు బాగా వచ్చేదాకా కొట్టి, అరగంట ఎవరినీ ముట్టుకోనివ్వకండి. మళ్లీ కొట్టినప్పుడు ఐదు దెబ్బల్లోపు నీళ్లు రావాలి. పది, పదిహేను పడుతుంటే నీళ్లు వెనక్కి జారకుండా ఆపే కింది వాల్వు కారుతోంది, లేదా పైపులు కలిపే మరల (థ్రెడ్ల) దగ్గర చిల్లి పడింది. అప్పుడు వాషర్లు ఎన్నిసార్లు మార్చినా దండగే. తర్వాత నిమిషంలో నలభై దెబ్బలు నిండుగా కొట్టి బకెట్‌లో కొలవండి. సుమారు 12 లీటర్లు రావాలి. మొదటి పరీక్షలో నెగ్గి, ఇక్కడ బాగా తగ్గితేనే వాషర్ల మీద అనుమానపడాలి.

పొద్దున బాగా వచ్చి కాసేపటికి ఆగిపోతుంటే నీటిమట్టం దిగినట్టు, సిలిండర్‌ను (లోపల పిస్టన్ ఆడే గొట్టాన్ని) ఇంకా కిందికి దించాలి. హ్యాండిల్ ఉన్నట్టుండి తేలికైపోతే హ్యాండిల్‌ను పిస్టన్‌కు కలిపే రాడ్ ఊడింది.

పైపులు లేపినప్పుడు అన్నిటికంటే పైనున్న పైపు మరలు తప్పక చూడమనండి. మొత్తం బరువు దాని మీదే, ముందు అరిగిపోయేది అక్కడే. మరలు అరిగితే ఆ పైపు మార్చేయాలి, జనపనార చుట్టి సర్దొద్దు. బిగించాక బోరులో బ్లీచింగ్ నీళ్లు పోసి, వాసన పోయేదాకా కొట్టి పారబోయాలి.

ఇంకో మాట: కుర్రాళ్లకు బోరింగు చెడినప్పుడల్లా డబ్బులివ్వడం కాకుండా, ఒక్కో బోరింగుకు ఏడాదికింత అని మాట్లాడుకోండి. అప్పుడే నెలనెలా హ్యాండిల్‌కుండే చెయిన్‌కు గ్రీజు పెడతారు, బోల్టులు బిగిస్తారు.