పాఠకుల ప్రశ్నలు: రుద్రమ కాలపు పిల్లకు కారప్పొడి దొరకదు

ప్రశ్న: కాకతీయుల నాటి మన ప్రాంతపు అమ్మాయి మీద సాహస కథ రాశాను. సుంకం వసూలు చేసే సుంకరులు చుట్టుముడితే వాళ్ల కళ్లలో కారం కొట్టి పడవెక్కేస్తుంది. మా తెలుగు మాస్టారు అక్కడ ఎర్రసిరాతో సున్నా చుట్టారు. ఎందుకో చెప్పలేదు.
- పదో తరగతి విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సున్నా సరైన చోటే పడిందమ్మా. మిరప అమెరికా ఖండాల మొక్క. 1498 తర్వాత పోర్చుగీసు ఓడల వెంట మన దేశం చేరింది. రుద్రమదేవి ఏలింది 1262-1289 మధ్య. అప్పుడు గుంటూరు సీమ మొత్తం గాలించినా చిటికెడు కారం దొరకదు. మిర్చి యార్డు ఘాటుకు తుమ్ముతూ పెరిగినవాళ్లకు ఇది మింగుడుపడని మాటే. టమాటా, బంగాళదుంప, జామ, బొప్పాయి, జీడిపప్పు, వేరుశనగ, మొక్కజొన్న కూడా కథలోంచి తీసేయాలి. కాపలా భటుడి నోట్లో చుట్ట ఉంటే అదీ పీకేయండి, పొగాకూ అప్పటికి రాలేదు. మిరియాలు, పిప్పళ్లు, అల్లం, ఆవాలు, చింతపండు నిక్షేపంగా వాడుకోవచ్చు.

అయితే కారం కొట్టేసి ఆ చోట మిరియాల పొడి అని రాసి ఊరుకుంటే మరో తప్పు. మోటుపల్లి రేవులో సుంకం పడే సరుకుల్లో మిరియాలు కూడా ఉన్నట్టు రుద్రమ తండ్రి గణపతిదేవుడి శాసనం చెబుతోంది. గుప్పెడు మిరియాలు గాల్లోకి విసిరే పిల్ల ఏ వర్తకుడి కూతురో అయ్యుండాలి. పేదింటి పిల్లకు పొయ్యిలో బూడిద చాలు. కాకపోతే గాలికి ఎదురుగా విసిరితే అది తన కళ్లలోనే పడుతుంది. ఆమె ముందుగా గాలివాటు చూసుకుని, రెండడుగులు పక్కకు జరిగి అప్పుడు విసిరినట్టు రాయండి. పిల్ల తెలివైనదని మీరు వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మా పాప (13 ఏళ్లు) రాసిన రుద్రమ కాలపు కథలో నాయిక ఒక్క రాత్రిలో ఓరుగల్లు నుంచి బెజవాడకు గుర్రం మీద వచ్చి, కొండపల్లి కోటలో వేగు అందిస్తుంది. నమ్మేలా ఉందా?
- ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: లేదు. రెండు చోట్ల బెసికింది. ఓరుగల్లు నుంచి బెజవాడ 200 కిలోమీటర్లకు పైనే. మంచి గుర్రమైనా రోజుకు యాభై అరవై కిలోమీటర్లు నడిస్తే గొప్ప. నాలుగైదు కిలోమీటర్లు ఒకే బిగిన దౌడు తీయిస్తే నురగ కక్కుతుంది. అంటే నాలుగు రోజుల ప్రయాణం. ఇక కొండపల్లి కోట 14వ శతాబ్దపుది, రెడ్డిరాజుల నాటిది. రుద్రమ కాలంలో అక్కడ వేగు అందుకునేవాళ్లే లేరు.

ఒక్క రాత్రి అన్న బిగువు పోకూడదనుకుంటే దూరం తగ్గించమనండి. అమరావతి పక్కనున్న ధరణికోట నుంచి బయల్దేరదీయండి. బెజవాడ అక్కడికి నలభై కిలోమీటర్ల లోపే, గుర్రానికి రెండు జాముల దారి. జాము అంటే మూడు గంటలు, గడియ అంటే 24 నిమిషాలు. కథలో ‘అరగంట’ అనే మాట కనిపిస్తే దాన్నీ మార్చేయాలి. పైగా ధరణికోటలో కథకు పనికొచ్చే మనిషి ఉంది. రుద్రమ సోదరి గణపాంబ కోట వంశపు బేతరాజును పెళ్లాడి, ఆయన పోయాక తానే రాజ్యం చూసుకుంది. మన రచయితలు అందరూ రుద్రమ దగ్గరే ఆగిపోతారెందుకో!

అసలు చిక్కు ఏరు దాటడంలో ఉంది. ధరణికోట కృష్ణకు దక్షిణాన, బెజవాడ ఉత్తరాన. ఇప్పటి ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది. దానికి ముందున్న ఆనకట్ట సైతం 1855లో పూర్తయింది. కాబట్టి కథ వైశాఖంలో జరిగితే ఇసుక తిన్నెల మీదుగా కొంత నడిచి, కొంత నీళ్లలో దిగి గుర్రంతో దాటొచ్చు. భాద్రపదమైతే వరద. అర్ధరాత్రి ఏ పడవవాడూ తాడు విప్పడు. గుర్రాన్ని ఉండవల్లి ఒడ్డున వదిలేసి, తెల్లారేలోగా పడవవాణ్ణి ఆమె ఎలా ఒప్పిస్తుందన్నదే కథ. మాసం ఏదో మీ పాపనే తేల్చుకోమనండి.

ప్రశ్న: నాయిక మగవేషం వేయాలంటే జుట్టు కత్తిరించుకోవాలా?
- తెనాలి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అక్కర్లేదు. ఆ కాలపు శిల్పాలు చూడండి, మగవాళ్లకూ కొప్పులున్నాయి, చెవులకు నగలున్నాయి. పట్టిచ్చేది గొంతు, నడక. కత్తి విషయంలో మాత్రం జాగ్రత్త. కథల్లో కనిపించే పది కిలోల కత్తి ఎవరూ తిప్పలేరు, నిజం కత్తి కిలోకు కాస్త అటూఇటూ ఉంటుంది. లీటరు నీళ్ల సీసా పట్టుకుని చెయ్యి బారచాపి నిలబడి చూడండి. రెండు నిమిషాల్లో భుజం లాగేస్తుంది. పోరాట ఘట్టం ఎంత పొడుగుండాలో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: రాణులూ యుద్ధాలూ వద్దు. మామూలు పిల్ల ధైర్యం రాయాలంటే ఆధారాలు ఎక్కడ?
- ఇంటర్ విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఏటి అవతలే ఉన్నాయి. మందడం పక్కనున్న మల్కాపురంలో గోళకీ మఠమనే శైవ మఠపు శాసనం ఉంది. అందులో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం, చదువు చెప్పేవాళ్లు, ఆటకత్తెలు, ఊరి కాపలాదారులు... ఎవరికి ఏం ఇవ్వాలో కూడా రాశారు. రాజుల పొగడ్తలు దాటేసి సరాసరి ఈ పనివాళ్ల దగ్గరికి వెళ్లండి. ప్రసూతిశాలలో మంత్రసానికి చేతికింద పద్నాలుగేళ్ల పిల్లను పెట్టండి. వానరాత్రి పగవాడి ఇంటి కోడలు నొప్పులతో వస్తుంది, మంత్రసాని ఊళ్లో లేదు, కాపలావాళ్లు తలుపు తీయొద్దంటారు. కత్తి ఊసు లేకుండానే గుండె దడదడలాడుతుంది.

ఇటువంటి శాసనాల కోసం దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో పదోది చూడండి, అది తెలుగు శాసనాలకే కేటాయించినది. పెద్ద గ్రంథాలయాల్లో అడగండి. తేదీలు శక సంవత్సరాల్లో ఉంటాయి. వాటికి 78 కలిపితే మన లెక్క వస్తుంది. మల్కాపురం శాసనం శకం 1183, అంటే 1261. పుష్యమాసం సగం దాటింది మొదలు ఫాల్గుణం చివరిదాకా ఉన్న తేదీలకు మాత్రం 79 కలపాలి. ఇక్కడ తప్పితే కథ ఏడాది వెనక్కి పోతుంది.