సుఫ్గానియోత్ చేసే ముందు మూకుడు ఎవరిదో అడుగు

ప్రశ్న: అక్కా, ఇజ్రాయెల్‌లోని పెతహ్ తిక్వాలో ఒక సావ్తా (ఇక్కడ అమ్మమ్మను, నానమ్మను అలా అంటారు) దగ్గర, ఆవిడను చూసుకునే పనిలో చేరి నాలుగు నెలలైంది. హనుక్కా అని ఈ యూదుల దీపాల పండగ ఉంది కదా, దాని మొదటి దీపం రోజు పిల్లలు, మనవలు అందరూ వస్తారట. "మీ దేశంలో నూనె వంటలు బాగా చేస్తారటగా, సుఫ్గానియోత్ నువ్వే చెయ్యి" అంది సావ్తా కూతురు. లోపల జామ్ పెట్టి నూనెలో వేయించే పిండివంట, మన బూరెల్లాంటివే కదా అనుకున్నాను. కానీ వీళ్ల మతంలో పాలూ మాంసమూ కలవకూడదట, పాల గిన్నెలు వేరు, మాంసం గిన్నెలు వేరు. ఎక్కడ తప్పు చేస్తానో అని ఒకటే టెన్షన్. పోనీ బేకరీలో కొని తెచ్చి పెట్టేయనా?

జవాబు: చెల్లెమ్మా, కొనకు. ఆ ఒక్క మాట వింటే చాలు, మిగతాది నిదానంగా చదువుకో.

నేను వచ్చిన ఏడాది నీలాగే ఆలోచించాను. అప్పటికి నాకు మూడో జీతం వచ్చింది. ఆ ఇంట్లో మంచి పేరు తెచ్చుకోవాలన్న ఆత్రం ఒకటి. శనివారం సెలవులో మనవాళ్లను కలవడానికి తెల్ అవీవ్‌లో తహానా మెర్కజిత్ (పెద్ద బస్‌స్టేషన్) వైపు వెళ్లినప్పుడు, రాత్రి తెరిచిన ఒక కొట్టులో చాక్లెట్ పూసినవి, పైన క్రీమ్ పువ్వులు పెట్టినవి చూశాను. ఒక్కోటి 14 షెకెళ్లు. డజను తీసుకున్నాను. 168 షెకెళ్లు అంటే ఆనాటి లెక్కలో రెండున్నర వేల రూపాయల పైమాట. మా అమ్మకు నెల మందులు వచ్చే డబ్బు. బస్సులో ఒళ్లో పెట్టుకుని, క్రీమ్ నలగకుండా చంటిపిల్లను మోసినట్టు మోసుకొచ్చాను.

మా సావ్తా కూతురు పెట్టె చూసి సంతోషంగానే నవ్వింది. తర్వాత పెట్టె తిప్పి తిప్పి చూసి, "తెఊదా ఉందా?" అంది. ఆ కొట్టుకు కోషెర్ పత్రం, అంటే వాళ్ల మత ఆహార నియమాల ప్రకారమే చేస్తారన్న పత్రం, ఉందా అని. నాకు ఆ మాటే తెలియదు. ఒక్కరూ ముట్టుకోలేదు. పాపం, కసురుకోలేదు కూడా, అదే ఎక్కువ బాధ. ఆరు రోజులు నేనొక్కదాన్నే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి తిన్నాను. మూడో రోజుకే అవి మెత్తబడి నూనె కంపు కొట్టాయి. అయినా 14 షెకెళ్ల వస్తువును పారేయడానికి చెయ్యి రాలేదు.

ఇక్కడి వాళ్లే ఒక సంగతి చెబుతారు. 1920లలో హిస్తద్రూత్ అనే కార్మిక సంఘం, ఇంట్లో ఎవరికి వాళ్లు చేసుకునే లెవివోత్ (బంగాళాదుంప వడలనుకో) కంటే సుఫ్గానియా (సుఫ్గానియోత్‌లో ఒక్కటైతే ఇలా అంటారు) వైపే మొగ్గిందట. కారణం ఏమిటంటే ఇది చేయడం కష్టం, జనం బేకరీలో కొంటారు, బేకరీ కూలీలకు పని దొరుకుతుంది. అంటే మనం కొనాలనే దీన్ని పండగలోకి తెచ్చారన్న మాట! ఈ కథ విన్నప్పటి నుంచి నేను ఒక్కటి కూడా కొనలేదు.

రెండో ఏడాది నేనే చేశాను. అసలు కథ అదే.

బూరెలు చేసిన చెయ్యి కదా, సుఫ్గానియా ఎంతలే అనుకున్నాను. పూర్ణం పెట్టినట్టు పిండి ముద్ద మధ్యలో స్ట్రాబెర్రీ జామ్ పెట్టి, మూతి మూసి, కాగిన నూనెలో వేశాను. రెండు నిమిషాలు బాగానే ఉన్నాయి. మూడో నిమిషంలో ఒకటి చిట్లింది. పూర్ణానికి, జామ్‌కు తేడా ఏమిటో అప్పుడు తెలిసింది. పూర్ణం ఉడికి గట్టిపడిన సరుకు, పైగా పైన ముంచే తోపు పిండి దాన్ని కరిచి పట్టుకుంటుంది. జామ్‌లో నీరుంటుంది, వేడికి ఆవిరై దారి వెతుక్కుంటుంది. నూనె స్టవ్ మీద, గోడ మీద, నా ముంజేతి మీద చిందింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నూనెలో పడ్డ జామ్ మాడి నల్లబడింది, ఆ నల్లదనం మిగతా వాటన్నిటికీ అంటింది. సుఫ్గానియాలో జామ్ వేగాక పెడతారు, వేగక ముందు కాదు. ఇది ముందే ఎవరినైనా అడిగి ఉంటే పోయేది.

చెయ్యి మంట చల్లారకముందే పెద్ద తప్పు బయటపడింది. రుచిగా ఉంటాయని పిండిలో పాలు, వెన్న వేశాను. వేయించిన మూకుడేమో ముందు రోజు సావ్తాకు కోడి ముక్కలు వేయించింది. తోమి తళతళలాడించాను, నా దృష్టిలో అది శుభ్రమైన మూకుడు. వాళ్ల దృష్టిలో అది మాంసం మూకుడు, అందులోకి పాలు వెళ్లాయి. మనకూ మడి, ఎంగిలి తెలుసు కదా, అంత వింతేమీ కాదు. కాకపోతే ఇక్కడ సబ్బుతో పోదు. కూతురు వచ్చి రబ్బాయికి (వాళ్ల మతగురువుకు) ఫోన్ చేసింది. చిల్లుల గరిటెను మరిగే నీళ్లలో ముంచి సరిచేశారు. నాన్‌స్టిక్ మూకుడు మాత్రం పనికిరాదని తేల్చారు. సుఫ్గానియోత్ అన్నీ చెత్తబుట్టలోకి వెళ్లాయి.

ఆవిడ డబ్బులు అడగలేదు. నేనే సిగ్గుపడి కొత్త మూకుడు కొనిచ్చాను, 180 షెకెళ్లు. ఇప్పుడు తలచుకుంటే ఆ సిగ్గు అనవసరం. మర్నాడు అడిగి ఉంటే "వద్దు" అనేది ఆవిడ. కొత్తగా వచ్చిన మనవాళ్లందరికీ ఇదే రోగం: తప్పు చేస్తే ముందు పర్సు తీస్తారు. నీకు ఏజెంటు అప్పు ఇంకా ఎంత ఉందో నాకు తెలియదు, కానీ ఉండే ఉంటుంది. అది తీరేదాకా సిగ్గుకు డబ్బు ఖర్చు పెట్టకు. సారీ చెప్పడానికి షెకెళ్లు అక్కర్లేదు.

ఇప్పుడు ఎలా చేయాలో చెబుతాను, కాగితం మీద రాసుకో.

సరుకులు నీ డబ్బుతో కొనకు. కూతురితో చెప్పి జాబితా పంపు, వాళ్లే తెస్తారు. అందులో డబ్బు ఆదా ఒక్కటే కాదు, వాళ్లు తెచ్చిన ప్రతి ప్యాకెట్‌కూ కోషెర్ ముద్ర ఉంటుంది, ఆ గొడవ నీ మెడకు చుట్టుకోదు. మైదా అరకిలో (ప్యాకెట్ మీద కెమహ్ అని ఉంటుంది), పొడి ఈస్ట్ రెండు చిన్న చెంచాలు (వాళ్ల మాటలో శ్మరీమ్), పంచదార నాలుగు పెద్ద చెంచాలు, గుడ్లు రెండు, ఉప్పు అర చెంచా, నూనె పావు కప్పు, గోరువెచ్చని నీళ్లు కప్పుకు కొంచెం తక్కువ, ఒక నిమ్మకాయ పైతొక్క తురుము. చూశావా, పాలూ లేవు, వెన్నా లేదు. పాలూ మాంసమూ రెండూ తగలని దాన్ని పర్వే అంటారు. ఆ రాత్రి భోజనంలో మాంసం ఉన్నా లేకపోయినా పర్వే సుఫ్గానియాకు అడ్డు లేదు. మాంసం తిన్నాక పాల పదార్థం తినడానికి చాలామంది ఆరు గంటలు ఆగుతారు. పాలు వేశావంటే నీ సుఫ్గానియా అర్ధరాత్రి దాకా పళ్లెంలో కూర్చుంటుంది. మూకుడు కూడా పర్వేదే కావాలి. చాలా ఇళ్లలో గిన్నెలకు రంగు చుక్కలు అంటిస్తారు. మా ఇంట్లో ఎరుపు మాంసానికి, నీలం పాలకు, ఆకుపచ్చ పర్వేకు. మీ ఇంట్లో ఎలాగో చూపించమను. ఊహించుకోకు.

మైదా జల్లించు, పురుగు ఉండకూడదు. గుడ్లు ఒక్కోటి విడిగా గ్లాసులో కొట్టి చూడు, రక్తపు చుక్క ఉంటే పారేయాలి. ఇది సావ్తా ఎదురుగానే చెయ్యి, ఆవిడకు నీ మీద నమ్మకం కుదురుతుంది.

పిండి పది నిమిషాలు బాగా మర్దించాలి. చపాతీ పిండి కంటే మెత్తగా, చేతికి కొంచెం అంటుకుంటున్నట్టే ఉండాలి. అంటుకుంటోందని మైదా చల్లుకుంటూ పోతే రాళ్లవుతాయి, మూడో ఏడాది నావి అలాగే అయ్యాయి. మూత పెట్టి గంటన్నర వదిలెయ్. డిసెంబర్ చలికి రెండు గంటలు కూడా పట్టొచ్చు. రెట్టింపు కావాలి, గడియారం చూడకు, గిన్నె చూడు. తర్వాత వేలు మందాన వత్తి గ్లాసుతో గుండ్రంగా కోసి, ఒక్కోదాన్ని బేకింగ్ పేపర్ ముక్క మీద పెట్టు. ఇంకో ముప్పావు గంట పొంగనివ్వు. ఈ రెండో పొంగు దగ్గరే మనవాళ్లు తొందరపడతారు. పొంగిన వాటిని చేత్తో ఎత్తితే అణిగిపోతాయి, అందుకే కాగితంతో సహా నూనెలోకి జార్చాలి. పైభాగం కిందికి రావాలి. కాగితం దానంతటదే ఊడుతుంది, పటకారుతో తీసెయ్.

నూనె 170 డిగ్రీలు ఉండాలి. థర్మామీటర్ కొనక్కర్లేదు, అది 60 షెకెళ్లు, నేను కొని ఒక్కసారే వాడాను. చిటికెడు పిండి వెయ్. మునిగి మెల్లగా పైకి తేలితే సరిపోయింది. వేసీ వేయగానే పైకొచ్చి ఎర్రబడితే మంట ఎక్కువ, పైన రంగు వచ్చినా లోపల పచ్చిగా ఉంటుంది. అడుగునే కూర్చుంటే తక్కువ, నూనె తాగేస్తుంది. ఒకసారికి మూడో నాలుగో, ఒక్కో వైపు రెండు నిమిషాలు. నడుము చుట్టూ తెల్లటి గీత కనిపిస్తే నీ పిండి బాగా పొంగిందని అర్థం. నాకు ఆ గీత రావడానికి నాలుగేళ్లు పట్టింది, నీకు మొదటిసారే వస్తే ఫోటో పంపు, కుళ్లుకుంటాను.

కొంచెం చల్లారాక పొడవు ముక్కున్న క్రీమ్ సంచితో పైనుంచి జామ్ ఎక్కించు. వడ్డించడానికి ఒక్క గంట ముందు ఎక్కించు, అంతకంటే ముందు పెడితే లోపల తడిసిపోతుంది. పంచదార పొడి వడ్డించేటప్పుడే చల్లు. అరకిలో మైదాకు పదహారు దాకా వస్తాయి. నూనెతో కలిపినా ఒక్కోదానికి రెండు మూడు షెకెళ్లు దాటదు. 14 ఎక్కడ, మూడు ఎక్కడ!

సావ్తాకు షుగర్ ఉంటే సగం ముక్క చాలు, అదీ కూతురిని అడిగే. మింగడం కష్టమైన పెద్దవాళ్లకు పంచదార పొడి చల్లనే వద్దు, గాలి పీల్చినప్పుడు గొంతులోకి పోయి దగ్గు పట్టుకుంటుంది. మొన్నటి ఏడాది మా సావ్తాకు అలాగే అయింది, నా ప్రాణం పోయినంత పనైంది.

కొన్ని చిన్న మాటలు. కాస్త నిష్ఠగా ఉండే ఇల్లైతే స్టవ్ సావ్తా చేతనో కూతురి చేతనో వెలిగించు, వేరే మతం వాళ్లే మొత్తం వండితే కొందరు తినరు. టేబుల్ మీద తెరిచిన వైన్ సీసా నువ్వు పోయకు, ముట్టుకోకు. దీపాలు వెలిగేలోపు వంట ముగించు. ఎనిమిది రోజుల్లో ఒక శుక్రవారం తప్పకుండా వస్తుంది, ఆ సాయంత్రం నుంచి షబ్బాత్ (వాళ్ల విశ్రాంతి రోజు) మొదలు, అందుకే పొద్దుగుంకకముందే అన్నీ అయిపోవాలి. తేదీ కూడా ఏటా మారుతుంది, మన అధికమాసంలాగే వాళ్లకూ అదనపు నెల ఉంది. 2024లో మొదటి దీపం డిసెంబర్ 25న, 2025లో డిసెంబర్ 14న. మిగిలిన నియమాలు ఆ ఇంటివాళ్లు చెబుతారు, ఇల్లు ఇల్లుకూ మారతాయి.

వేయించిన నూనె సింకులో పోయకు. నేను పోశాను. ప్లంబరు 350 షెకెళ్లు. ఇంతకంటే ఏమీ చెప్పను. సీసాలో నింపి మూత బిగించి చెత్తలో వెయ్.

ఇంకోటి. నీ సుఫ్గానియోత్ బాగా కుదిరితే పక్క ఫ్లాట్ వాళ్లు "మాకూ చేసిపెట్టు, డబ్బిస్తాం" అంటారు. నన్ను ముగ్గురు అడిగారు, మనసు లాగింది కూడా. ఇరవై చేస్తే వంద షెకెళ్లు మిగులుతాయని రాత్రంతా లెక్కలు వేశాను. వద్దు. మన పర్మిట్ ఒకరిని చూసుకోవడానికే, ఇంకో పని చేసి సంపాదించడానికి కాదు. నియమం ఎలా ఉందో అధికారుల దగ్గర చూసుకో. వంద షెకెళ్లకు వీసా పందెం కాయకు. ఉట్టినే ఇచ్చెయ్. నేను ఉట్టినే ఇచ్చిన ఇంటావిడే కరోనా రోజుల్లో నాకు మందులు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది.

పదకొండేళ్లయింది, ఒకే సావ్తా దగ్గర ఉన్నాను. ఊళ్లో అప్పు తీరింది, రెండు గదుల డాబా లేచింది, తమ్ముడి పెళ్లైంది. ఇప్పుడు ఆ కూతురే హనుక్కాకు నెల ముందు ఫోన్ చేసి, "ఈసారి ఎన్ని కిలోల మైదా తేను?" అని అడుగుతుంది. మనవలు బేకరీవి తెస్తే ముట్టరు. ఇది గొప్ప కోసం చెబుతున్నానని అనుకుంటే అనుకో.

నువ్వు మాత్రం ఈ మొదటిసారి అరకిలోకే చెయ్యి. పండగకు వారం ముందు ఒక మంగళవారం, ఇంట్లో మీరిద్దరు తప్ప ఎవరూ లేనప్పుడు, సగం కొలతతో ఒకసారి చేసి చూసుకో. గుడ్లు ఎలాగూ రెండే కాబట్టి ఒకటి వెయ్యి. మైదాకు, జామ్‌కు అయ్యే ఖర్చు కూతురికి చెప్పి చెయ్యి, అడక్కుండా వాళ్ల సరుకు వాడావన్న మాట రాకూడదు. పొరపాటున ఏదైనా నువ్వే కొట్టుకు వెళ్లి తేవాల్సి వస్తే రసీదు పారేయకు. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద పెట్టు. మా ఇంట్లో ఆదివారం పొద్దున ఆవిడ వచ్చి అదే చూసి, చిల్లరతో సహా లెక్కగట్టి ఇస్తుంది.