మా నాన్న ఎక్కడున్నాడని అడిగితే ఏం చెప్పాలి

నాన్నా,

ప్రభువు నామంలో నీకూ అమ్మాయికీ వందనాలు. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ చదివాను. ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

మీ సంఘంలో తండ్రిని పోగొట్టుకున్న ఆ అమ్మాయి, ఇంటిల్లిపాదిలో ఒక్కతే బాప్తిస్మం తీసుకుంది. తండ్రి హిందువుగానే కన్నుమూశాడు. దహనం అయిన మర్నాడు నీ దగ్గరికొచ్చి, "అయ్యగారూ, మా నాన్న ఇప్పుడెక్కడున్నాడు?" అని అడిగితే నీకు నోట మాట రాలేదు. శనివారం వాళ్లింట్లో ఆదరణ కూడిక పెట్టమంటోంది. సంఘపెద్ద ఒకాయనేమో "అన్యులంతా కూర్చుని వింటారు, గట్టిగా హెచ్చరిక చెయ్యండి" అంటున్నాడు. ఇదీ నీ టెన్షన్.

నోట మాట రాకపోవడమే మంచిదైంది. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నంతసేపూ మంచి స్నేహితులే. నోరు తెరిచాకే అంతా పాడు చేశారు.

శనివారం దాకా ఆగకు. రేపే వెళ్లి ఆమె దగ్గర కూర్చో. బైబిలు సంచిలోనే ఉంచు. "మీ నాన్నగారి గురించి చెప్పమ్మా" అని అడుగు. ఆమె చెప్తూ పోతే అసలు ప్రశ్న బయటికొస్తుంది. ఇంటింటికీ వాక్యం చెప్పే బైబిల్ ఉమన్‌గా ఊళ్లు తిరిగినన్నాళ్లూ ఇలాంటి ఇళ్లలో నేను విన్నదేమిటంటే, "నాన్న ఎక్కడున్నాడు" అనే మాట వెనక దాదాపు ప్రతిసారీ ఇంకో మాట దాగి ఉంటుంది: "నేను ఇంకాస్త గట్టిగా చెప్పి ఉంటే నమ్మేవాడేమో." తండ్రి మీది బెంగ కన్నా ఈ నేరభావమే మనిషిని లోపల్లోపల తినేస్తుంది. పైగా సంఘంలో ఎవరో ఒకరు యెహెజ్కేలు గ్రంథంలో కావలివాడి మాట తెచ్చి, అతని రక్తం నీ మీద ఉంటుంది సుమా అని ఆమెకు వినిపించే ఉంటారు. అది దేవుడు ప్రవక్తకు అప్పగించిన బాధ్యత గురించిన మాట. కూతుర్ని దోషిగా నిలబెట్టడానికి వాడేది కాదు. పౌలు కొరింథీయులకు ఏం రాశాడో చెప్పు: నాటింది నేను, నీళ్లు పోసింది అపొల్లో, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే. ఆ ఇంట్లో ఆమె నాటింది. ఆమె వంతు అంతే.

ఒక సంగతి చెప్తాను, ఎందుకింత పట్టుబడుతున్నానో నీకు అర్థమవుతుంది. మా సంఘంలో ఒకామెను ఆమె భర్త ప్రతి ఆదివారం సైకిల్ మీద తీసుకొచ్చి గుడి గేటు దగ్గర దింపేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు. వేపచెట్టు కింద స్టాండు వేసి పేపరు చదువుకునేవాడు. కాంపౌండులో ఉన్నంతసేపూ బీడీ ముట్టించేవాడు కాదు, చెవి మీదే పెట్టుకుని ఉంచేవాడు. ఆమె ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ముందుకెళ్లే వేళకి గుమ్మం దాకా వచ్చి చంటిపిల్లను ఎత్తుకునేవాడు. ఆయన పోయినప్పుడు, బయటి నుంచి పిలిచిన ప్రసంగీకుడొకాయన ఆ ఇంటి వాకిట్లో ధనవంతుడు, లాజరు కథ తీసి, "ఈపాటికి ఈయన కూడా వేలి కొసంత నీటి కోసం అగ్నిలో కేకలు వేస్తుంటాడు" అన్నాడు. ఆమె అప్పుడు ఏడవలేదు. లేచి లోపలికెళ్లి తలుపు వేసుకుంది. చాలాకాలం గుడికి రాలేదు. ఆ చంటిపిల్ల పెద్దదై ఈనాటికీ రాదు.

నరకం గురించి ప్రభువే మాట్లాడాడు కదా, చెప్తే తప్పేంటి అంటావేమో. మాట్లాడాడు. అయితే ఎవరితో అన్నాడో చూడు. తమ రక్షణకు ఢోకా లేదనుకునే భక్తిపరులతోనే ఎక్కువ. లాజరు కథకు ముందు ధనాపేక్షగల పరిసయ్యులు వింటున్నారని లూకా రాశాడు. చనిపోయినవాడి పేరు పెట్టి, వాడి భార్యాబిడ్డల ముందు ప్రభువు ఎన్నడూ ఆ మాట అనలేదు. ఆ కథలోని లాజరు కాదు, ఆయన స్నేహితుడైన మరో లాజరు పోయినప్పుడు, సమాధి ఎక్కడో చూపించడానికి రమ్మనగానే ఆయన ఏడ్చాడు.

అలాగని సిద్ధాంతం కోసేసి తీపి మాటలు చెప్పమనను. శనివారం అక్కడ ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు: "మా పెద్దాయన చీమకు కూడా హాని చెయ్యలేదు, ఆయన్ని పాపి అంటారా?" తడబడకు. పాపమంటే చెడ్డపనుల చిట్టా అనీ, ఆ చిట్టాలో మనది చిన్నది, వాళ్లది పెద్దది అనీ మనం నమ్మడం లేదు. "ఏ భేదమును లేదు, అందరును పాపముచేసి" అని రోమా పత్రిక. మనుషులంతా దేవునికి దూరంగా, తమ వైపుకే వంగిపోయి ఉన్నారనేది మన విశ్వాసం. అందులో ఆ పెద్దాయనా ఉన్నాడు, నువ్వూ ఉన్నావు, నేనూ ఉన్నాను, హెచ్చరిక చెయ్యమంటున్న సంఘపెద్దా ఉన్నాడు. రక్షణ మన మంచితనానికి వచ్చిన కూలి కాదు, కృప. వరద నీళ్లలోంచి పడవలోకి లాగబడినవాడు ఇంకా నీళ్లలో ఉన్నవాణ్ణి చూసి వేలెత్తి చూపడు.

ఇక అసలు చిక్కు. క్రీస్తును నమ్మకుండా పోయినవాళ్ల గతి ఏమిటి? సెమినరీలో చదివే ఉంటావు కానీ, పరీక్ష కోసం చదివినది చావు ఇంట్లో గుర్తుకు రాదు. సంఘమంతా ఈ విషయంలో ఎప్పుడూ ఒకే మాట మీద లేదు. మూడో శతాబ్దంలో కార్తేజి బిషప్పు సిప్రియన్ సంఘం వెలుపల రక్షణ లేదన్నాడు. ఆయన అన్నది ముఖ్యంగా సంఘాన్ని చీల్చుకుపోయినవాళ్లను దృష్టిలో పెట్టుకుని. 1442లో ఫ్లోరెన్స్ సభ నాటికి అది యూదులూ అన్యులూ అందరికీ వర్తించే తీర్పైంది. చనిపోయేలోపు సంఘంలో చేరకపోతే నిత్యాగ్నే అని రాశారు. అదే రోమన్ కాథలిక్ సంఘం 1964లో వాటికన్ సభలో, తమ తప్పేమీ లేకుండా సువార్త ఎరగనివాళ్లు నిండు మనసుతో దేవుణ్ణి వెదికి, కృప తోడుగా మనస్సాక్షి ప్రకారం నడిస్తే రక్షణ పొందగలరంది. మన లూథరన్లకు మన విశ్వాసమేమిటో చెప్పే 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు ఉంది. శిక్షకు ఎప్పటికైనా ముగింపు ఉందనేవాళ్లను దాని పదిహేడో అధికరణం ఖండిస్తుంది. అంతకు ఎంతో ముందే ఓరిగెన్, నిస్సా గ్రెగరీ లాంటి తొలి శతాబ్దాల సంఘ బోధకులు చివరికి సమస్తమూ దేవుని దగ్గరికి చేరుతుందని ఆశపడ్డారు. మన కాలంలో జాన్ స్టాట్ అంతటి సువార్తికుడు 1988లో, దుష్టులు ఎల్లకాలం బాధపడరు, చివరికి లేకుండా పోతారేమోనన్నాడు. ఇవన్నీ శనివారం చెప్పమని కాదు. "బైబిలు స్పష్టంగా చెప్తోంది, మీ నాన్న నరకంలోనే" అని ఎవరైనా ధీమాగా అంటే, అంత ధీమా పెద్దపెద్ద విశ్వాసులకే లేదని నీకు తెలిసి ఉండాలని.

కాథలిక్ మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ సంగతి నన్ను ఎప్పుడూ వదలదు. 1549లో జపాను వెళ్లాడు. అక్కడ కొత్తగా నమ్మినవాళ్లు, పోయిన మా తల్లిదండ్రుల సంగతేమిటి, ప్రార్థనలతో దానధర్మాలతో వాళ్లను విడిపించలేమా అని అడిగారు. నరకంలో పడ్డవాళ్లకు విడుదల లేదని ఆయన చెప్పాడు. వాళ్లు ఏడుస్తూనే ఉన్నారట. 1552 జనవరిలో కొచ్చిన్ నుంచి రాసిన ఉత్తరంలో, వాళ్ల ఏడుపు చూసి తనకూ దుఃఖం వస్తుందని రాసుకున్నాడు. నాకు ఆయన సిద్ధాంతం కన్నా ఆ దుఃఖమే నిజమనిపిస్తుంది. పౌలు కూడా తన సొంత జనం గురించి "నాకు బహు దుఃఖమును, నా హృదయములో మానని వేదనయు కలవు" అన్నాడు. ఈ విషయం దుఃఖం లేకుండా మాట్లాడేవాడి చేతికి మైకు ఇవ్వకూడదు.

మన ఇంటి సంగతే తీసుకో. మన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842 జూలైలో. 1841లో చనిపోయిన మన ముత్తాతల పెద్దల మాటేమిటి? ఒక్క ఏడాది తేడాలో పుట్టి పోవడం వాళ్లు చేసిన నేరమా? 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది ఒక్క రోజే బాప్తిస్మం తీసుకున్నారని గొప్పగా చెప్పుకుంటాం. వాళ్లలో ప్రతి ఒక్కరి వెనకా సువార్త వినకుండానే, కొందరి వెనక అంతకు ముందటి కరువులోనే పోయిన తాతలూ తల్లులూ ఉన్నారు. వాళ్ల విషయంలో "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా" అన్న అబ్రాహాము మాట తప్ప నా దగ్గర మాట లేదు. ఆ మాట చాలు.

కానీ ఈయన విన్నాడు కదా, కూతురే చెప్పింది కదా అని నువ్వడుగుతావు. నిజమే, దాన్ని దాటవేయను. "నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు" అన్నది ప్రభువు మాట. నమ్మనివాడికి తీర్పు ఉందని యోహాను సువార్త మూడో అధ్యాయంలో ఉంది. ఆ వచనాలు కొట్టేసే అధికారం నీకూ నాకూ లేదు. అందరూ ఎలాగూ రక్షింపబడతారులే అని నేను చెప్పను. అలా అయితే సిలువ దేనికి? అయితే ఆయన చెవిన పడింది ఏమిటి? కూతురి ప్రేమా, వీధి చివర లౌడ్‌స్పీకర్లో తన దేవుళ్లను తిట్టిన తిట్టా? ఏది విని, దేన్ని కాదన్నాడు? నాలుగు గోడల మధ్య, ఆస్పత్రి మంచం మీద, ఆఖరి రాత్రి ఆయన మనసులో ఏం జరిగింది? సిలువ మీద దొంగ ప్రభువు వైపు తిరగడానికి పట్టినది కొద్ది క్షణాలే. యూదుడు కాని రోమా శతాధిపతి కొర్నేలీ ప్రార్థనలు, పేతురు వచ్చి యేసు పేరు చెప్పకముందే దేవుని సన్నిధికి చేరాయి. రక్షించేవాడు క్రీస్తు ఒక్కడే, ఇందులో నాకు సందేహం లేదు. ఆయన చెయ్యి ఎంత దూరం చాస్తాడో కొలిచే పని మాత్రం మనకు ఇవ్వలేదు. "రక్షణపొందువారు కొద్దిమందేనా?" అని ఒకడు సూటిగా అడిగితే ప్రభువు లెక్క చెప్పలేదు, "ఇరుకు ద్వారమున ప్రవేశింప పోరాడుడి" అన్నాడు. అడిగినవాడి వైపే తిప్పాడు.

కాబట్టి ఆమెకు ఇలా చెప్పు: "అమ్మా, మీ నాన్న నరకంలో ఉన్నాడని చెప్పే అధికారం నాకు లేదు. పరలోకంలో ఉన్నాడని రాసిచ్చే అధికారమూ లేదు. ఆయన ఎవరి చేతిలో ఉన్నాడో నాకు తెలుసు. ఆ చెయ్యి నీకంటే ఎక్కువగా ఆయన్ని ఎరుగు. దానికి మేకుల గాయాలున్నాయి." అంతకు మించి వద్దు. "ఆఖరి నిమిషంలో నమ్మే ఉంటాడులే" అనకు. ఆశగా ఉంచుకోవచ్చు కానీ, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్తే రాత్రి నిద్ర పట్టనప్పుడు ఆ మాట నిలబడదు. "ఏడవకూడదు, మనకు నిరీక్షణ ఉంది" అని కూడా అనకు. ఆమె ఏడవనీ.

కూడిక సంగతి. ముందు అన్నదమ్ముల అనుమతి అడుగు. తలకొరివి పెట్టిన అన్న గుండు చేయించుకుని అరుగు మీద కూర్చుని ఉంటాడు. ముందు ఆయన పక్కన కూర్చో. మైకు వద్దు. లాజరు కోసం ప్రభువు ఏడ్చిన యోహాను పదకొండు చదువు, ధనవంతుడి కథ ఉన్న లూకా పదహారు జోలికి పోకు. పావుగంటలో ముగించు. చేతులెత్తమనీ, ఇప్పుడే నిర్ణయం తీసుకోమనీ పిలుపులు వద్దు. సువార్త చెప్పడానికి ఏడాదంతా ఉంది. పెద్దకర్మ భోజనం గురించి రాశావు. తినాలా వద్దా అన్నది ఆమె మనస్సాక్షికి వదిలెయ్, కొరింథీయుల మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం చదివి చెప్పు. ఆ రోజు పుట్టింటికి మాత్రం వెళ్లి తీరాలి.

సంఘపెద్దను శుక్రవారమే ఇంటికెళ్లి కలువు. ఆయన తాతగారు బొట్టుతోనే పోయారని ఊరందరికీ తెలుసు. వాదించకు. "తాతగారి దినం నాడు మీ నాన్నగారికి ఎవరైనా ఏం చెప్పి ఉంటే బాగుండేది?" అని అడిగి ఊరుకో.

తండ్రి కోసం ప్రార్థన చెయ్యొచ్చా అని ఆమె అడుగుతుంది. మనవాళ్లు ఠక్కున వద్దనేస్తారు. పూజలు చేయించి విడిపిస్తామనే నమ్మకం మనకు లేదు, నిజమే. కానీ 1531లో లూథర్ సహచరుడు మెలాంక్తన్ ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలుకు రాసిన సమర్థనలో, చనిపోయినవారి కోసం చేసే ప్రార్థనను మేము నిషేధించడం లేదని ఉంది. తండ్రిని ఇచ్చినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పి, ఆయన్ని ప్రభువు చేతికి అప్పగించి ఆమెన్ అనమను.

నవంబరు 2 సమాధుల పండుగ నాడు జాగ్రత్త. అందరూ సున్నాలు వేసి, పూలు, కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దొడ్డికి వెళ్తారు. ఆమె తండ్రి అస్థికలు కృష్ణలో కలిపేశారు, ఆమె వెళ్లడానికి సమాధి లేదు. ఆ రోజు చదివే పేర్లలో ఆయన పేరూ కృతజ్ఞతతో చదువు. కమిటీ వాళ్లు అభ్యంతరం చెప్తే ముందే నాకు ఫోన్ చెయ్యి, నేను వచ్చి మాట్లాడతాను.

ప్రేమతో,
మీ అత్తయ్య