సైకిల్ పోకుండా ఉండాలంటే ఏ తాళం మంచిది?

కొత్త సైకిల్ కొన్నానంటూ గట్టి తాళం చెప్పమంటున్నారు మీరు. తాళం సంగతి తర్వాత, ముందు దాన్ని దేనికి వేస్తారో చెప్పండి. ఈ మాట నాకు సైకిల్ పోగొట్టుకున్నాక తెలిసింది.

నాది నీలం సైకిల్. మంచి యూ తాళమే కొన్నాను, అదే, U ఆకారంలో వంచిన లావుపాటి ఉక్కు కడ్డీ ఉండేది. రోజూ ముందు చక్రాన్ని స్తంభానికి కలిపి తాళమేసి పనిలోకి పోయేవాణ్ణి. ఓ సాయంత్రం వచ్చి చూస్తే స్తంభానికి ఆనుకుని చక్రం ఒక్కటే ఉంది. తాళం మీద గీత కూడా పడలేదు. ఆ చక్రం నట్లతో బిగించింది కాదు, ఇరుసు దగ్గరి మీట తిప్పితే ఊడొచ్చే రకం. పానాతో పనే లేదు. ఆ చక్రం చేత్తో పట్టుకుని ఇంటికి నడిచాను.

ఫిర్యాదు ఇవ్వబోతే ఫ్రేము నంబరు అడిగారు. "నీలం రంగండీ, సీటు కాస్త చిరిగింది" అన్నాను, అంతకుమించి చెప్పడానికి నా దగ్గరేం లేదు. కొన్నాళ్ళకు రోడ్డు మీద అలాంటిదే కనిపించింది, సీటు మాత్రం కొత్తది. నాదేనని మనసు చెబుతోంది, రుజువేదీ? ఆ కడుపుమంట ఇప్పటికీ చల్లారలేదు. చాలా సైకిళ్ళకు ఆ నంబరు పెడళ్ళ ఇరుసు కింద, ఫ్రేము మీదే చెక్కి ఉంటుంది. ఇవాళే తిరగేసి ఫోటో తీసుకోండి.

తాళమంటారా, యూ తాళమే. సన్నటి కేబుల్ తాళాన్ని తీగలు తెంపే చేతి కత్తెరతోనే తెంపేస్తారు. వెనక చక్రం, ఫ్రేము, స్తంభం మూడూ ఒకే తాళంలో ఇమడాలి. గేర్లుండే వెనక చక్రమే ఖరీదైనది. స్తంభం పొట్టిదైతే సైకిల్‌ని తాళంతో సహా పైకెత్తి పట్టుకుపోతారు. ముందు చక్రానికి మీట తీసేసి నట్లు పెట్టించండి.

అడగకపోయినా చైను గురించి చెప్పాలి. పైనుంచి ధారగా నూనె పోసి వదిలేసేవాళ్ళని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ నూనెకు దుమ్ము అంటుకుని, ఆ ముద్దే ఆకురాయిలా పళ్ళచక్రాల పళ్ళను అరగదీస్తుంది. ముందు గుడ్డతో తుడవండి. లింకుకో చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలింది మళ్ళీ తుడిచేయండి. స్కేలు పెడితే 24 లింకులు, పిన్ను నుంచి పిన్నుకు, సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో 16వ వంతు సాగిందా, చైను మార్చేయండి. బద్ధకిస్తే పళ్ళచక్రాలూ మార్చాల్సి వస్తుంది. నేను నెలకోసారి కొలుస్తాను. ఆ రోజే ఫ్రేము కింద నంబరు మీది మట్టి కూడా తుడుస్తాను.